సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్ (2004): మూడుసార్లు ఇంజన్ దించిన తర్వాత

2013 వేసవిలో మసాచుసెట్స్‌లో నేను ఒక పాత సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్ కొన్నాను. 2004 మోడలు, ఐదు గేర్ల మాన్యువల్. నా చేతికి వచ్చేనాటికే 92 వేల మైళ్లు తిరిగింది. ఇప్పుడు 1,78,000 దాటింది. ఈలోగా దాని ఇంజన్‌ను మా గరాజులోనే మూడుసార్లు బయటికి తీసి, మూడుసార్లూ తిరిగి కూర్చోబెట్టాను. నేను వృత్తిరీత్యా మెకానిక్కును కాను. విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డు ముందు సెలవుల్లో పానాలు అందించిన అనుభవం తప్ప వేరే శిక్షణ ఏదీ లేదు. కారు ఎంత వేగంగా పోతుందో, మలుపుల్లో రోడ్డును ఎంత గట్టిగా పట్టుకుంటుందో చాలామంది రాశారు కాబట్టి ఆ జోలికి పోను. ఇలాంటి పాత నాలుగు చక్రాల డ్రైవు కారును సొంతంగా చూసుకోదలచినవారికి దీని ఇంజన్ ఎంతవరకు సహకరిస్తుందన్నదే ఇక్కడ నేను తూకం వేయదలచిన విషయం.

ముందుగా కారు కూర్పు గురించి చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంది. అమెరికాలో 2002 నుంచి 2005 మోడళ్ల వరకు ఈ కారులో వచ్చిన ఈజే205 అనే ఇంజన్ 1994 సీసీల టర్బో. 227 హార్స్‌పవర్ ఇస్తుంది. దాని నాలుగు సిలిండర్లు నిలువుగా ఉండవు. అటు రెండు, ఇటు రెండు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటాయి. ఇంజన్ మొత్తం ముందు చక్రాల ఇరుసుకు ముందు భాగంలో, దాదాపు బంపర్‌ను ఆనుకుని కూర్చుంటుంది. దాని వెనక గేర్‌బాక్సు. ముందు డిఫరెన్షియల్, మధ్య డిఫరెన్షియల్ రెండూ ఆ గేర్‌బాక్సు డొక్కలోనే ఇమిడి ఉంటాయి. అంటే నాలుగు చక్రాలకు శక్తిని పంచే సరంజామా అంతా ఇంజన్‌కు వెనకే ఉంది తప్ప ఇంజన్‌కు చుట్టుకుని లేదు.

నా తీర్పుకు మూలం ఇదే. క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజన్‌నైనా తీయాలి, గేర్‌బాక్సునైనా తీయాలి. గేర్‌బాక్సు తీయదలిస్తే వెనక చక్రాలకు పోయే పొడవాటి షాఫ్టు, ముందు చక్రాల ఇరుసులు రెండూ, సైలెన్సర్ గొట్టాలు, గేర్ లింకేజీ, గేర్‌బాక్సును మోసే అడ్డ దూలం ఇవన్నీ విప్పాలి. విప్పాక అంత బరువును కారు కింద వెల్లకిలా పడుకుని దించాలి. అదే ఇంజన్ తీయదలిస్తే ఇరుసుల జోలికి పోనక్కర లేదు, వెనక షాఫ్టును తాకనక్కర లేదు. కారును పైకెత్తి నిలిపే లిఫ్టు లేని ఇంటి గరాజులో ఒక్కడే చేసుకునేవాడికి ఇంజన్ తీయడమే దగ్గరి దారి అని మూడుసార్లూ నాకు రుజువైంది. లిఫ్టు ఉన్న వర్క్‌షాపులవారు గేర్‌బాక్సు దించడానికే మొగ్గు చూపుతారు. వారి లెక్క వేరు.

ఇక్కడ ఒక చిన్న మాట. మన మెకానిక్కులు ఏ బండికైనా "ఇంజన్ దించాలి" అనే అంటారు. ఈ కారుకు ఆ మాట సగమే సరిపోతుంది, ఎందుకంటే దించే ముందు దీన్ని పైకెత్తి, బంపర్ మీదుగా ముందుకు లాగి, ఆ తర్వాతే నేలకు దించాలి.

మొదటిసారి 2015లో క్లచ్ జారడం మొదలైనప్పుడు ఈ పనికి దిగాను. పెట్రోలు పంపు కనెక్టరు ఊడదీసి, ఇంజన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడిపి లైన్‌లో ఒత్తిడి తగ్గించాను, ఆ తర్వాత బ్యాటరీ తీశాను. కూలెంటు వంచేసి, రేడియేటర్‌ను ఫ్యాన్లతో సహా బయటికి తీశాను. ఆ ఒక్క పనితో ఇంజన్ ముందు రెండు జానల చోటు దొరికింది. ఇంజన్ నెత్తిమీద కూర్చుని టర్బో పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కొద్ది బోల్టులతో ఊడి వచ్చింది. ఏసీ కంప్రెసర్‌ను, పవర్ స్టీరింగ్ పంపును గొట్టాలు విప్పకుండానే బోల్టులు తీసి పక్కకు వాల్చి తాళ్లతో కట్టేశాను. గ్యాసూ పోలేదు, నూనే పోలేదు. ఇంజన్‌ను ముందుకూ వెనక్కూ ఊగకుండా పట్టి ఉంచే చిన్న కడ్డీ ఒకటి గేర్‌బాక్సు పైభాగానికీ, క్యాబిన్ అడ్డగోడకూ మధ్య ఉంటుంది, అదీ తీశాను. స్టార్టర్ మోటారు, టర్బో నుంచి కిందికి దిగే పొగగొట్టం, ఇంజన్‌ను మోసే అడ్డ దూలం కింద మౌంటింగు నట్లు, ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ కలిపే బోల్టులు వరుసగా వచ్చేశాయి. గేర్‌బాక్సు కింద జాకీ పెట్టి, ఇంజన్ కొక్కేలకు గొలుసు తగిలించి, అద్దెకు తెచ్చిన క్రేన్ హ్యాండిల్ కొట్టడం మొదలుపెట్టాను.

ఇంజన్ రెండు వేళ్ల సందు ఇచ్చి ఆగిపోయింది. మరి నాలుగుసార్లు హ్యాండిల్ కొట్టాను. ఎదురుగా నిలబడి చూస్తున్న మా బావమరిది, "బావా, ఇంజన్ కాదు, కారే లేస్తోంది," అన్నాడు. నిజమే, ముందు చక్రాల స్ప్రింగులు సాగి, బంపర్ జానెడు పైకి లేచింది. వెంటనే దించి, మర్చిపోయిన బోల్టు ఎక్కడుందా అని గంటన్నర వెతికాను. బోల్టు ఏదీ మర్చిపోలేదు.

అసలు సంగతి ఈ కారు క్లచ్ లాగుడు పద్ధతిలో పనిచేసేది కావడం. మామూలు కార్లలో పెడల్ తొక్కినప్పుడు ఫోర్కు అనే పంగల కడ్డీ ఒక బేరింగును, క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు వైపు నెడుతుంది. ఇందులో వెనక్కు లాగుతుంది. అందుకోసం బేరింగు ప్రెషర్ ప్లేటును పట్టుకుని ఉంటుంది, ఫోర్కు బేరింగు చెవులను పట్టుకుని ఉంటుంది. ఇంజన్ ముందుకు రావాలంటే ఆ ఫోర్కును ముందే విడిపించాలి. గేర్‌బాక్సు డొక్కకు ఒక బిరడా ఉంటుంది. 10 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో దాన్ని విప్పితే లోపల ఫోర్కును మోసే చిన్న షాఫ్టు కొన కనబడుతుంది. ఆ కొనలో మర ఉంది. 6 మిల్లీమీటర్ల బోల్టును అందులో నాలుగు చుట్లు ఎక్కించి లాగితే షాఫ్టు బయటికి వచ్చేస్తుంది, ఫోర్కు వదులవుతుంది. చేసే పని పది నిమిషాలది. తెలియనివాడు క్రేన్‌తో బలవంతం చేస్తే ఫోర్కైనా వంగుతుంది, బేరింగైనా పగులుతుంది. నా అదృష్టం కొద్దీ రెండూ జరగలేదు. ఆ బిరడా తీసి, షాఫ్టు లాగి, మళ్లీ హ్యాండిల్ అందుకుంటే ఇంజన్ మాట వినే పిల్లాడిలా ముందుకు వచ్చింది.

ఆ రోజు ముచ్చట అంతటితో పూర్తి కాలేదు. ఫోర్కును కదిపే హైడ్రాలిక్ సిలిండరును విప్పి పక్కన పెట్టిన తర్వాత పెడల్ తొక్కకూడదు. ఆ సంగతి మా బావమరిదికి ముందుగా చెప్పకపోవడం నా తప్పే. కారును గేరులోంచి తీయమన్నాను. అతను అలవాటు కొద్దీ ముందు క్లచ్ తొక్కాడు. సిలిండరులోని పిస్టన్ ఎగిరి గోడకు తగిలింది.

వైర్ల గురుతుల విషయంలో నాకు జరిగినది వేరే ఎవరికీ జరిగి ఉండదు. ప్రతి కనెక్టరుకూ, ప్రతి వాక్యూం గొట్టానికీ రెండు కొసలా కాగితపు టేపు అంటించి, ఒకే అక్షరం రాస్తూ పోయాను. ఇంగ్లీషు అక్షరాలైతే కొన్నింటిని తలకిందులుగా చూస్తే పొరబడవచ్చునని తెలుగు వర్ణమాల వాడాను. అచ్చులు అయిపోయి హల్లుల్లోకి కూడా వెళ్లాను. వారం తర్వాత తిరిగి బిగించేటప్పటికి ఒక "ఊ" మీద నూనె పడి, చివరి సాగదీత చెరిగిపోయి, "ఉ" అయి కూర్చుంది. టర్బో ఒత్తిడిని అదుపు చేసే రెండు సన్నని గొట్టాలు అలా తారుమారయ్యాయి. కారు స్టార్టయింది, సాఫీగా నడిచింది, కానీ గుండెలమీద తోసినట్టుండే ఆ ఊపు రాలేదు. కారణం పట్టుకోవడానికి మూడు సాయంత్రాలు పట్టింది. అప్పటినుంచి క, చ, ట, త, ప తప్ప వేరేవి వాడడం లేదు, ప్రతి జోడునూ ఫొటో తీసి ఉంచుకుంటున్నాను.

రెండోసారి 2019లో. దీనికి కారు బాధ్యత ఏమాత్రం లేదు. టర్బో ఇంజన్లు కొంత నూనె తాగుతాయనీ, నెలకు రెండుసార్లైనా గేజి కడ్డీ తీసి చూడాలనీ తెలిసికూడా ఒక చలికాలమంతా నిర్లక్ష్యం చేశాను. అడుగు నుంచి టకటకమనే చప్పుడు వచ్చినప్పుడు నూనె వంచి చూస్తే, ట్రేలో నల్లటి నూనె మీద పెళ్లి చీర జరీ రాలినట్టు మెరుపు తేలింది. కనెక్టింగ్ రాడ్డు బేరింగులు అరిగి ఆ రజను అంతా ఇంజన్‌లోకి పోయింది. ఇంజన్ తీసి కింది భాగం మొత్తం మార్చాను, టైమింగ్ బెల్టూ మార్చాను. అప్పుడే ఇంకో సంగతి అర్థమైంది. సిలిండర్లు పడుకుని ఉండడం వల్ల ఈ ఇంజన్ స్పార్క్ ప్లగ్గులు చాసిస్ గోడలకు ఎదురుగా ఉంటాయి. కారులో ఉండగా వాటిని మార్చాలంటే మణికట్టు నొప్పి పుడుతుంది. అదే ఇంజన్ స్టాండు మీద ఉంటే కుర్చీ వేసుకుని కూర్చుని పదిహేను నిమిషాల్లో పూర్తి చేయవచ్చు. వాల్వ్ కవర్ ప్యాకింగులూ అంతే. కాబట్టి ఏ కారణంతో ఇంజన్ బయటికి వచ్చినా ఈ రెంటినీ వదిలిపెట్టకండి.

క్రేన్ గురించి కొంత వివరంగా రాయాలి. మొదటిసారి అద్దెకు తెచ్చిన దాని హైడ్రాలిక్ కారుతూ ఉండేది. రాత్రి ఇంజన్‌ను గాలిలో వదిలి పడుకుంటే తెల్లారేసరికి అది నాలుగు అంగుళాలు దిగి ఉంది. రెండోసారికి రెండు టన్నుల మడత క్రేన్ ఒకటి కొన్నాను. ఆ రెండు టన్నులు చెయ్యి పూర్తిగా లోపలికి ముడిచినప్పటి మాట. చెయ్యి చివరిదాకా చాపితే అది అర టన్నుకే హామీ. ఈ కారుకు ఆ బెంగ లేదు, ఎందుకంటే ఇంజన్ ముక్కు దగ్గరే ఉంటుంది కాబట్టి చెయ్యిని ఎక్కువ చాపనక్కర లేదు. దానికి తోడు గొలుసుల మధ్య తగిలించే, పిడి తిప్పితే ఇంజన్ వాలు మారే లెవెలర్ తప్పక కొనండి. తీసేటప్పుడు అది లేకపోయినా నడుస్తుంది. తిరిగి ఎక్కించేటప్పుడు గేర్‌బాక్సు షాఫ్టు క్లచ్ ప్లేటు పళ్లలోకి దూరాలంటే రెండింటి వాలూ ఒక్కటి కావాలి; లెవెలర్ లేకుండా మొదటిసారి అందుకు ఒక పూటంతా పట్టింది, ఉన్నాక అరగంట. పళ్లు కలవకపోతే క్రాంక్ పుల్లీ బోల్టుకు 22 మిల్లీమీటర్ల సాకెట్ పెట్టి ఇంజన్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ నెట్టాలి. సందు చేతి బలంతోనే మూసుకోవాలి. బోల్టులు బిగించి దగ్గరికి లాగుదామనుకుంటే ప్లేటు పాడవుతుంది.

పోల్చి చూడడానికి ఒక్క ఉదాహరణ చాలు. మిత్రుడొకరు, 25 ఏళ్లు దాటిన విదేశీ కార్లను అమెరికాలోకి రానిచ్చే నిబంధన కింద జపాన్ నుంచి తెప్పించుకున్న నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్‌కు ఇదే పని చేస్తుంటే ఒక వారాంతం తోడు వెళ్లాను. అందులో ముందు డిఫరెన్షియల్ ఇంజన్ నూనె తొట్టికే బిగించి ఉంటుంది; చక్రానికి పోయే షాఫ్టు ఆ తొట్టిలో గుండానే పోతుంది. ఇంజన్ కదలాలంటే ముందు చక్రాల డ్రైవు మొత్తం విడిపించాల్సిందే. అది గొప్ప కారు, సందేహం లేదు. కానీ ఆ రెండు రోజుల తర్వాత ఇంటికి వచ్చి నా పాత కారు బానెట్ ఎత్తి కాసేపు ఆప్యాయంగా చూసుకున్నాను. దాని ముందు గ్రిల్ మీది గుర్తులో ఆరు నక్షత్రాలుంటాయి. జపనీయులు సుబారు అనేది మన కృత్తికలనే. కుమారస్వామిని పెంచిన ఆరుగురు తల్లులు.

ఈ కారును ఇక్కడ కొనదలచినవారికి ఇంజన్ కన్నా తుప్పు పెద్ద సమస్య. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కింది బోల్టులన్నింటినీ తినేస్తుంది. మూడోసారి, 2024లో, వెనక ఆయిల్ సీలు కారి ఇంజన్ తీసినప్పుడు పని మొత్తంలో సగం పొద్దు పొగగొట్టం నట్ల దగ్గరే గడిచింది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించి, మర్నాడు గ్యాస్ మంటతో వేడి చేసినా ఒక స్టడ్డు విరిగింది. అయినా ఆ నట్లు పోగా ఇంజన్ బయటికి రావడానికి అయిదు గంటలే పట్టింది. 2015లో అదే పనికి మూడు శని, ఆదివారాలు పట్టింది. గొలుసు బిగిసినప్పటి నుంచి ఇంజన్ నేలను తాకేదాకా ఇరవై నిమిషాలు. మిగిలినదంతా విప్పడమే. ఇంజన్ వాలినప్పుడు లోపల మిగిలిన కూలెంటు ఒక్కసారిగా చెప్పుల మీద పడుతుంది, మూడుసార్లూ పడింది.

ఇంజన్ దించగల ఓపిక, మూయగల తలుపున్న గరాజు ఉన్నవారికి ఈ కారును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అపార్ట్‌మెంటు పార్కింగులో ఉంచుకునేవారు మాత్రం ప్రతి చిన్న పనికీ వర్క్‌షాపువారి గంటల లెక్కకు సిద్ధపడి కొనాలి. తర్వాత నా ముందున్న పెద్ద పని టైమింగ్ బెల్టు. అమెరికాలో దానికి కంపెనీ చెప్పిన గడువు 1,05,000 మైళ్లు లేదా 105 నెలలు, ఏది ముందైతే అది. 2019లో మార్చిన బెల్టుకు మైళ్లు అంతదాకా రావు కాబట్టి నెలల లెక్కన 2028లో వస్తుంది. బెల్టు ఇంజన్ ముందువైపే ఉంది, రేడియేటర్ తీస్తే చెయ్యి సుఖంగా ఆడుతుంది. దానికి మాత్రం క్రేన్ బయటికి తీయను.