జాంగో లిస్ట్‌వ్యూ, పైటెస్ట్: ఆరేళ్లు వాడాక

మూడు లైన్లు రాస్తే జాబితా పేజీ వచ్చేస్తుందని ఎవరో చెబితే ఆరేళ్ల క్రితం జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) మొదలుపెట్టాను. వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. జాబితా పేజీల కోసం జాంగో సిద్ధంగా ఇచ్చే లిస్ట్‌వ్యూకి మోడల్ (డేటాబేస్ టేబుల్‌కి పైథాన్ రూపం) పేరు ఇచ్చి, పేజీకి ఎన్ని వరుసలో ఒక అంకె వేసి, టెంప్లేట్ (పేజీ ఎలా కనిపించాలో చెప్పే ఫైలు) పెడితే పేజీ నిజంగానే వచ్చింది. దాన్ని నమ్మడానికి మాత్రం ఇంకో ఏడాదిన్నర పట్టింది. ఆ ఆలస్యంలో జాంగో తప్పు కొంతే, మిగతాది మా టెస్టులు నడిపే పైటెస్ట్ సెట్టింగులది. అందుకే రెండింటి గురించీ ఒకేచోట రాస్తున్నాను.

మంచి సంగతులు ముందు. జాంగో ఒక పత్రిక వెబ్‌సైట్ పనుల్లోంచి పుట్టి 2005లో బయటికొచ్చింది. వార్తల జాబితాలు రోజూ వేసేవాళ్లు చేసిన వస్తువు అని వాడుతుంటేనే తెలుస్తుంది. టెంప్లేట్‌కి ఏ పేరు పెట్టాలో, పేజీ నంబరు ఎక్కడ దొరుకుతుందో అన్నీ ముందే తేల్చి పెట్టారు. అడ్రసులో పేజీ నంబరు బదులు 'లాస్ట్' అని కొడితే చివరి పేజీకి వెళ్తుందని నాకు మూడో ఏడాదిలో గానీ తెలియలేదు. లేని పేజీ అడిగితే 404, అంటే 'పేజీ దొరకలేదు' అనే జవాబు ఇస్తుంది. ఇది కొందరికి నచ్చదు కానీ, నాకు అదే సరైన జవాబు అనిపిస్తుంది.

ఇక అసలు కథ. దరఖాస్తులు చూసి ఆమోదించే ఒక పేజీ వేశాను. పేజీకి 25 వరుసలు. టెస్టులన్నీ పచ్చగా, అంటే పాసై ఉన్నాయి. పెట్టిన రెండు వారాలకి వాడేవాళ్ల దగ్గర్నుంచి ఫిర్యాదు: "ఒకే దరఖాస్తు మొదటి పేజీలోనూ, మూడో పేజీలోనూ కనిపిస్తోంది. ఇంకొకటి ఎంత వెతికినా దొరకడం లేదు." నా దగ్గర చూస్తే అంతా బాగానే ఉంది. బ్రౌజర్‌లో పాత పేజీ ఉండిపోయి ఉంటుందిలే, రిఫ్రెష్ చేయండి అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జరిగింది ఇది. డేటాబేస్‌ని అడిగే క్వెరీలో వరుసలు ఏ క్రమంలో రావాలో నేను చెప్పలేదు. చెప్పనప్పుడు మా సైటు వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ తనకు వీలైన క్రమంలో ఇస్తుంది. అందులో ఒక వరుసను మారిస్తే పాతదాని మీద రాయదు, కొత్త ప్రతి ఒకటి తయారుచేస్తుంది. అది టేబుల్లో ఇంకోచోట పడవచ్చు. అంటే ఎవరో ఒక దరఖాస్తు ఆమోదించగానే అది వెనక్కి జరిగేది, వెనక ఉన్నవి ఒక్కో మెట్టు ముందుకొచ్చేవి. నా టెస్టులేమో ఎస్‌క్యూలైట్ అనే ఇంకో చిన్న డేటాబేస్ మీద నడిచేవి. అక్కడ మార్చిన వరుస మార్చినచోటే ఉంటుంది, కాబట్టి ఎన్నిసార్లు నడిపినా తప్పు దొరకదు.

అయితే జాంగో నోరు మూసుకుని కూర్చోలేదు. క్రమం లేని జాబితాను పేజీలుగా విడగొడితే వార్నింగ్ ఇస్తుంది, డేటాబేస్ ఏదైనా సరే. ఆ వార్నింగ్ నాకెందుకు కనిపించలేదన్నదే నన్ను టెస్టుల సెట్టింగుల్లోకి దించింది.

మా ప్రాజెక్టులో రెండు సెట్టింగుల ఫైళ్లున్నాయి. పాతది పైటెస్ట్ సొంత ఐఎన్ఐ ఫైలు, కొత్తది పైథాన్ ప్రాజెక్టు సెట్టింగులు ఒకేచోట రాసుకునే పైప్రాజెక్ట్ టామల్ ఫైలు. 2020లో వచ్చిన పైటెస్ట్ 6.0 నుంచి రెండోదాంట్లోనూ రాసుకోవచ్చు. వార్నింగ్ వస్తే టెస్టు ఫెయిల్ కావాలని అందులో నేనే రాసి, ఇక టెన్షన్ లేదనుకున్నాను. పైటెస్ట్ ఆ రెండు ఫైళ్లనూ కలపదు, ఒక్కటే చదువుతుంది. ఐఎన్ఐ ఫైలు ఉంటే అదే గెలుస్తుంది, ఖాళీగా ఉన్నా సరే. నేను రాసిన లైను నెలల తరబడి ఎవరూ చదవకుండా పడి ఉంది. ఏ ఫైలు చదువుతోందో పైటెస్ట్ మొదట్లోనే ఒక లైనులో చెబుతుంది, నిజమే. కానీ ఆ పాత ఫైల్లో 'క్వైట్' ఆప్షన్ ఉంది, దాంతో ఆ లైను మాయం. పక్కనే వార్నింగులు చూపించవద్దనే ఆప్షన్ కూడా ఉంది. ఎవరు పెట్టారా అని గిట్ చరిత్ర తీసి చూస్తే నా పేరే ఉంది. టెర్మినల్ శుభ్రంగా కనిపిస్తుందని పెట్టుకున్నాను మరి.

ఐఎన్ఐ ఫైలు తీసేసి మళ్లీ నడిపితే సగానికి పైగా టెస్టులు ఎర్రబడ్డాయి. చాలావరకు పాత లైబ్రరీల గొడవ. వాటిని ఒక్కొక్కటిగా మినహాయించాను. ఇక్కడొక మెలిక ఉంది. ఒక వార్నింగుకి రెండు నియమాలు తగిలితే జాబితాలో చివరిదే చెల్లుతుంది. కాబట్టి ఫెయిల్ చేయమనే నియమం పైన, మినహాయింపులు కింద ఉండాలి. నేను తిరగేసి రాసి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

సర్దుడు అక్కడితో ఆగలేదు. జాంగో సెట్టింగుల మాడ్యూల్ పేరు ఫైల్లో రాసినా, కమాండ్లు కొట్టే షెల్‌లో అదే పనికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ముందే పెట్టి ఉంచిన విలువ) ఉంటే దానిదే పైచేయి. ఒక సహోద్యోగి టెస్టులు డెవలప్‌మెంట్ సెట్టింగులతో నడుస్తున్నాయని అలా బయటపడింది. ఆ పేరును కమాండ్ ఆప్షన్ రూపంలో ఫైల్లోనే ఇచ్చాక ఆ బాధ పోయింది. ఎస్‌క్యూలైట్ తీసేసి టెస్టులకూ పోస్ట్‌గ్రెస్ పెట్టాను. నెమ్మదిస్తుందని భయపడ్డాను కానీ, డేటాబేస్‌ని ప్రతిసారీ కొత్తగా కట్టకుండా పాతదే వాడుకునే ఆప్షన్‌తో తేడా పెద్దగా తెలియలేదు. అసలు నెమ్మది ఇంకోచోట ఉంది: పాస్‌వర్డ్ హాషింగ్, అంటే పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చి దాచడం. జాంగో 4.2లో 6,00,000 ఆవృత్తులు, 5.2లో 10,00,000. భద్రత కోసం కావాలనే అంత నెమ్మదిగా పెట్టారు. కానీ ప్రతి టెస్టూ ఒక యూజర్‌ని సృష్టిస్తుంటే ఆ భారం మనమే మోయాలి. టెస్టుల సెట్టింగుల్లో మాత్రం వేగంగా నడిచే, భద్రత తక్కువున్న ఎండీ5 హాషింగ్ పెట్టుకోండి. పొరపాటున అసలు సెట్టింగుల్లోకి పాకనివ్వకండి.

జాబితా పేజీకి ఇప్పుడు నేను మొదట రాసే టెస్టు ఒకటుంది. ఒకే సమయం ముద్రపడిన 60 వరుసలు సృష్టిస్తాను, మొదటి పేజీ చదువుతాను, మధ్యలో ఒక వరుసను మారుస్తాను, మిగతా పేజీలు చదివి ఐడీలన్నీ పోగేస్తాను. ఏదీ రెండుసార్లు రాకూడదు, ఏదీ తప్పిపోకూడదు. ఒకే సమయం ఎందుకంటే, తేదీని బట్టి క్రమం పెట్టేస్తే జాంగో వార్నింగ్ ఆపేస్తుంది కానీ, ఒకే తేదీ ఉన్నవాటి మధ్య క్రమానికి హామీ లేదు. చివర ప్రైమరీ కీ (ప్రతి వరుసకీ వేరుగా ఉండే ఐడీ) కూడా చేర్చాలి. దాంతోపాటు క్వెరీల లెక్క చూసే టెస్టు ఒకటి. సంబంధిత టేబుల్ వివరాలనూ అదే క్వెరీలో తెచ్చే సెలెక్ట్ రిలేటెడ్ మర్చిపోతే వరుసకొక క్వెరీ చొప్పున 25 అదనంగా పోతాయి, అది వెంటనే పట్టేస్తుంది.

లిస్ట్‌వ్యూ మీద నా ఫిర్యాదులు రెండు. ఫిల్టర్ పెట్టి తర్వాతి పేజీ నొక్కితే ఫిల్టర్ ఎగిరిపోయేది. జాంగో 5.1లో, అడ్రసులో ఉన్న ఫిల్టర్ వివరాలను పోకుండా ఉంచే క్వెరీస్ట్రింగ్ ట్యాగ్ వచ్చేదాకా దానికోసం సొంత ట్యాగ్ రాసుకోవాల్సి వచ్చింది. రెండోది ఇంకా ఉంది. పేజీలు లెక్కపెట్టడానికి ప్రతిసారీ మొత్తం వరుసల కౌంట్ అడుగుతుంది, ముందు పేజీల వరుసలన్నీ దాటుకుంటూ పోతుంది. లక్షల వరుసల లాగ్ టేబుల్ మీద ఇది భరించలేం. అక్కడ లిస్ట్‌వ్యూ తీసేసి, చివరగా చూపించిన ఐడీ తర్వాతివి ఇవ్వమనే క్వెరీ చేత్తో రాసుకున్నాను. పేజీ నంబర్లు పోయాయి, 'తర్వాతివి' అనే బటన్ మిగిలింది. ఏడాదైంది, నంబర్లు ఏవని ఇంతవరకు ఎవరూ అడగలేదు.