బడి పిల్లల టూర్: తిరుపతి జూనా, నేలపట్టా? ఏది మేలు?

దసరా సెలవులు అయిపోయి బడి తెరవగానే స్టాఫ్ రూంలో ఈ మాట లేస్తుంది, ఈసారి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దాం అని. మా నెల్లూరు వైపు చాలా బళ్లలో జవాబు ముందే రెడీగా ఉంటుంది, తిరుపతి జూ. ఒంగోలు వైపు వాళ్లకి తిరుపతి మరీ దూరం కాబట్టి శ్రీశైలం అడవి అంటారు, పక్షులంటే ఇష్టమున్న మేడం ఎవరైనా ఉంటే పులికాట్ సరస్సు అంటారు. నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను, టూర్ బాధ్యత ఎప్పుడూ సైన్స్ వాళ్ల మీదే పడుతుంది, అందుకని ఈ చోట్లన్నీ పక్కపక్కన పెట్టి ఏది ఎవరికి పనికొస్తుందో రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా. ఐదో తరగతి లోపు పిల్లలైతే జూ మేలు. ఆరు నుంచి తొమ్మిది దాకా అయితే సూళ్లూరుపేట దగ్గరున్న నేలపట్టు పక్షుల కేంద్రానికే నా ఓటు. పదో తరగతి వాళ్లని డిసెంబరు దాటాక స్టడీ అవర్స్ వదిలి ఎవరూ కదలనివ్వరు కాబట్టి వాళ్ల సంగతి ఇక్కడ ఎత్తను.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలని 1987లో పెట్టారు. శేషాచలం కొండల కింద ఐదు వేల ఎకరాలకు పైగా ఉంటుంది, విస్తీర్ణంలో ఆసియాలోని పెద్ద జూల్లో ఒకటి. నెల్లూరు నుంచి నూట ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. మంగళవారం సెలవు, తేదీ ఖాయం చేసేముందు క్యాలెండర్ చూసుకోండి. జూకి ఉన్న బలం ఏంటంటే గ్యారంటీ. ఏ నెలలో పోయినా జంతువు ఉంటుంది, బాత్రూంలు ఉంటాయి, తాగే నీళ్లు దొరుకుతాయి, కూర్చుని తినడానికి నీడ ఉంటుంది. మూడో తరగతి బిడ్డకి సింహం ఎంత పెద్దదో, ఏనుగు చెవి ఎలా ఊగుతుందో కళ్లతో చూడటమే పెద్ద పాఠం, టీవీలో ఎన్నిసార్లు చూసినా ఆ కొలత తెలీదు. చిన్నపిల్లలకి పక్షుల కేంద్రంలో గంటసేపు మాట్లాడకుండా నిలబడమంటే అవ్వదు కూడా, పాపం.

పెద్ద పిల్లల దగ్గరికి వచ్చేసరికే జూతో చిక్కు. వెనకాల నిలబడి గమనిస్తే తెలుస్తుంది. పులి చెట్టు నీడలో పడుకుని ఉంటుంది, ఒకడు "లేపండి సార్" అంటాడు, ఇద్దరు ఈల వేస్తారు, రెండు నిమిషాలు తిరక్కుండానే అందరూ పక్క ఎన్‌క్లోజర్‌కి పరుగు. తప్పు పిల్లలది కాదు. పులులూ సింహాలూ పగటి ఎండలో నిద్రపోతాయి, మన బస్సు అక్కడికి చేరేదే ఆ ఎండ వేళకి, అవి లేచి తిరిగే సాయంత్రానికి మనం వెనక్కి బయల్దేరాలి. ఎన్ని జంతువులు చూశామనే లెక్క మిగులుతుంది గానీ ఒక్కదాన్నీ చూసినట్టుండదు.

ఇంకోటి, తిరుపతి అనగానే టూర్ చేతులు మారిపోతుంది. "తిరుపతి దాకా పోయి కొండెక్కకుండా వస్తారా సార్?" అని తల్లిదండ్రులు అడుగుతారు, వాళ్లు అడగడంలో తప్పేమీ లేదు. దాంతో తెల్లవారుజామున కొండ, అక్కడి నుంచి అలివేలు మంగాపురం, మధ్యలో జూకి గంటన్నర. దర్శనానికి పోతే దర్శనానికే పోదాం, జూకి పోతే రోజంతా జూకే ఇద్దాం. రెండూ ఒకే రోజులో కుక్కితే పిల్లలు రెండు చోట్లా నిద్రమొహాలతోనే తిరుగుతారు.

అయినా జూకే పోవాల్సి వస్తే ఒక పని చేయండి. ముందే మూడు జంతువుల్ని ఎంచుకుని, ఒక్కోదాని దగ్గర ఇరవై నిమిషాలు ఆపండి. సర్కస్‌ల నుంచి విడిపించి తెచ్చిన సింహాల కోసం అక్కడ ప్రత్యేకంగా సంరక్షణ కేంద్రం పెట్టారని పిల్లలకి చెప్పండి. సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగులు, కోతులతో ఆటలాడించడాన్ని 1998లో కేంద్ర ప్రభుత్వం నిషేధించిందని, ఆ తర్వాత ఈ జంతువులకి అడవికి తిరిగి వెళ్లే దారి లేదని, పుట్టినప్పటి నుంచి బోనులో ఉన్న సింహానికి వేట రాదని చెప్పి చూడండి, తొమ్మిదో తరగతి పిల్లలు ఎంతసేపు మాట్లాడతారో. అలాగే ఫోన్ల విషయంలో గట్టిగా ఉండండి. 2024 ఫిబ్రవరిలో ఇదే జూలో ఒక సందర్శకుడు సింహం ఎన్‌క్లోజర్‌లోకి దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. కంచె దగ్గర సెల్ఫీలు వద్దని బస్సులోనే చెప్పేయాలి.

ఇక నేలపట్టు. దొరవారిసత్రం మండలం, నాయుడుపేటకీ సూళ్లూరుపేటకీ మధ్యలో. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మా నోట్లో అది ఇప్పటికీ నెల్లూరు నేలపట్టే. నెల్లూరు నుంచి హైవే మీద ఎనభై తొంభై కిలోమీటర్లు, రెండు గంటల్లోపు ప్రయాణం. 1976 నుంచి పక్షుల అభయారణ్యం. చెరువు నిండా కడప చెట్లు, నీళ్లలోనే మొలిచి నీళ్లలోనే నిలబడి ఉంటాయి, వాటి మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పెలికాన్ అని పుస్తకంలో ఉండేది ఇదే. గూడబాతులు ఇంత పెద్ద సంఖ్యలో గుడ్లు పెట్టి పిల్లల్ని లేపే చోట్లు దేశంలోనే కొన్ని, అందులో ఒకటి మన పక్కనే ఉంది. వాటితో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు కూడా ఉంటాయి.

ఇక్కడ పిల్లలు ఒకే చోట ఎందుకు నిలబడతారంటే కళ్ల ముందు ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. తల్లి గూడబాతు వచ్చి గూటి మీద వాలగానే పిల్ల గోలగోల చేస్తుంది, తల్లి ముక్కు తెరుస్తుంది, పిల్ల తన తల మొత్తం ఆ గొంతు సంచిలోకి దూర్చేసి లోపలున్న చేపని తింటుంది. మొదటిసారి చూసే పిల్లలు కంగారుపడతారు. "సార్, ఆడ చూడండి, పిల్లని మింగేస్తా ఉండాది!" అని ఒక ఏడో తరగతి అమ్మాయి నా చొక్కా పట్టుకుని లాగింది. ఐదు నిమిషాల తర్వాత పక్కవాళ్లకి తనే విడమరిచి చెప్తోంది, మింగడం కాదే, అన్నం పెడతా ఉండాది అని.

ప్రశ్నలు కూడా వాటంతట అవే పుడతాయి. గట్టు మీద ఇన్ని చెట్లుంటే నీళ్లలో ఉన్న చెట్ల మీదే ఎందుకు గూడు కట్టాయి? నక్కా, అడవిపిల్లీ ఈదుకుంటూ అక్కడి దాకా రావడం కష్టం కాబట్టి. ఈ చెరువులో ఇన్ని పక్షులకి సరిపడా చేపలుంటాయా? ఉండవు, అందుకే దక్షిణాన ఓ ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న పులికాట్ దాకా ఎగిరిపోయి చేపలు పట్టుకొస్తాయి. పొద్దెక్కాక, నేల వేడెక్కి గాలి పైకి లేచేటప్పుడు గుంపుగా సుడి తిరుగుతూ పైకి పోతాయి, రెక్క పెద్దగా ఆడించకుండానే. అక్కడ నిలబడి చూస్తే ఉష్ణ సంవహనం పాఠం బోర్డు మీద గీయక్కర్లేదు. ఊళ్లో పెద్దవాళ్లని పలకరించండి, పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లే చెప్తారు, పక్షులొస్తే పంట బాగుంటుందని ఊరి నమ్మకం. ఆ నమ్మకం వెనక నత్రజని, భాస్వరం ఉన్నాయని మనం కలిపితే చాలు, ఒక్క ముక్కతో సైన్సూ సోషలూ రెండూ అయిపోతాయి.

కాలం మాత్రం తప్పకూడదు, జూకీ దీనికీ అసలు తేడా ఇక్కడే. పక్షులు అక్టోబరు నుంచి చేరతాయి, గుడ్లు పొదగడానికి నెల పడుతుంది, పిల్లలు ఎగరడానికి ఇంకో మూడు నెలలు పైనే. అంటే సంక్రాంతికి అటూ ఇటూగా పోతే గూళ్లలో పిల్లలు కనిపిస్తాయి. ఏప్రిల్లో పోతే చాలా వరకు ఖాళీ చెట్లే. అది కూడా మన ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడింది, అక్టోబరు నవంబరుల్లో వానలు పడి చెరువు నిండితేనే పక్షులు బాగా వస్తాయి. నవంబరు చివర్లో ఒకసారి సూళ్లూరుపేట వన్యప్రాణి విభాగం ఆఫీసుకి ఫోన్ చేసి చెరువులో నీళ్లు ఎలా ఉన్నాయో, గూళ్లు పడ్డాయో లేదో కనుక్కుని తేదీ పెట్టుకోవాలి.

దూరం నుంచి చూడాలి కాబట్టి బైనాక్యులర్ లేకపోతే సగం పోయినట్టే. పది మందికి ఒకటి ఉన్నా చాలు. బడిలో లేకపోతే పక్క స్కూల్లోనో, డిగ్రీ కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంట్‌లోనో అడగండి, రెండు రోజులకి ఇవ్వనన్నవాళ్లు తక్కువ. తెల్ల యూనిఫాం, ఎర్ర స్వెట్టర్లు వద్దు, మట్టి రంగో ముదురు ఆకుపచ్చో ఏదుంటే అది వేసుకు రమ్మనండి. వాచ్ టవర్ ఎక్కించేటప్పుడు ఒక్కసారే అందరినీ కాకుండా పది పదిహేను మందిని పంపి, మిగతావాళ్లతో గట్టు మీద నుంచి గూళ్లు లెక్కపెట్టించండి. ఒక్క చెట్టు ఇచ్చి దాని మీద ఎన్ని గూళ్లు, ఎన్నిట్లో పిల్లలు, పది నిమిషాల్లో ఎన్నిసార్లు తల్లి వచ్చింది అని రాయమంటే ఈల వేసే తీరిక ఎవరికీ ఉండదు.

పులికాట్‌ని విడిగా పోల్చను, నేలపట్టుతో కలిపే చూడాలి. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు దాని మధ్యలోంచే పోతుంది, నీళ్లు సరిగ్గా ఉంటే రాజహంసలు (ఫ్లెమింగోలు) ఆ రోడ్డుకి అటూ ఇటూ కనిపిస్తాయి. పొద్దున నేలపట్టు, భోజనం అయ్యాక పులికాట్ పెట్టుకుంటే సరి. కానీ ఈ పక్షుల పేరుతో సూళ్లూరుపేటలో జరిపే ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో మాత్రం వద్దంటాను. స్టేజీలు, స్టాళ్లు, బస్సుల రద్దీలో యాభై మంది పిల్లల్ని లెక్కపెట్టుకోవడమే మన పనవుతుంది, పక్షుల్ని చూసేదెవరు? దానికి వారం ముందో వెనకో పోతే అదే పక్షులు, జనం ఉండరు.

వండలూరు గురించి కూడా అడుగుతుంటారు. 1855లో మద్రాసులో మొదలై 1985లో వండలూరుకి మారిన పాత జూ, బాగుంటుంది, నేను కాదనను. కానీ చెన్నై ట్రాఫిక్ దాటి నగరానికి అవతలి కొసకి పోవాలి, రోజులో సగం బస్సులోనే, బోర్డుల మీద తెలుగుండదు. మనకి లెక్క కుదరదు.

ఒంగోలు, అద్దంకి, మార్కాపురం వైపు వాళ్లకి వేరే మాట చెప్పాలి. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖ జీపు సఫారీ ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోనే విస్తీర్ణంలో పెద్దది, అలాంటి అడవి లోపలికి పోవడం పిల్లలకి జీవితాంతం గుర్తుంటుంది, కానీ జీపుకు పట్టేది గుప్పెడు మంది. యాభై మందిని తీసుకుపోతే నలభై మంది వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. పైగా "పులి కనిపిస్తుందా సార్?" అనే ఆశతో వస్తారు, పులి కనిపించడం అరుదు. ఎకో క్లబ్ పిల్లలు ఓ పదిమంది ఉంటే తుమ్మలబైలుకి మించింది లేదు, అడుగుజాడలు, పెంట, చెట్టు మీద గోళ్ల గీతలు చూసి జంతువుని పోల్చుకోవడం నేర్పొచ్చు. క్లాసు మొత్తానికి అయితే వద్దు. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు, రాత్రి తొమ్మిది దాటితే అడవి దారిలో గేట్లు వేస్తారు, ఇవి చూసుకుని వెనక్కి తిరగాలి.

క్లాసు మొత్తాన్ని తీసుకుపోవాలంటే ఒంగోలు వాళ్లకి నేను గుంటూరు పక్కన ఉప్పలపాడు చెప్తాను. అది అభయారణ్యమంత పెద్దది కాదు, ఒక ఊరి చెరువు. అందులోని తుమ్మచెట్ల మీద, పక్షుల కోసం పెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కూర్చుంటాయి. గట్టు మీద నుంచే దగ్గరగా కనిపిస్తాయి, బైనాక్యులర్ లేకపోయినా పర్లేదు, నేలపట్టు కంటే ఇదే దీని మేలు. తిరగడానికి పెద్దగా ఏమీ ఉండదు, రెండు గంటలు చాలు. ఒంగోలు నుంచి పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

డబ్బు సంగతి. ఎక్కడికి పోయినా టిక్కెట్ల కంటే బస్సే ఖర్చు. ఆర్టీసీ అద్దె బస్సు కిలోమీటర్ల మీద లెక్క కాబట్టి నెల్లూరు నుంచి నేలపట్టు తిరుపతి కంటే తప్పకుండా తక్కువ పడుతుంది. మా బళ్లలో కూలి పనులకు పోయే తల్లిదండ్రులే ఎక్కువ, తలకి వంద రూపాయలు తగ్గినా నలుగురైదుగురు పిల్లలు అదనంగా వస్తారు, డబ్బుల్లేక ఇంట్లో ఉండిపోయేవాళ్లు వాళ్లే. నాకైతే ఇదొక్కటే చాలు దగ్గరి చోటు ఎంచుకోడానికి. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఏజెన్సీ అక్కవాళ్లతో ముందురోజే మాట్లాడుకుంటే పొద్దున్నే పులిహోర, పెరుగన్నం కట్టిస్తారు, బయట హోటల్ ఖర్చు కూడా ఉండదు.

నేలపట్టుకి ఒక్క విషయంలో జూ కంటే మార్కులు తక్కువ, ఆడపిల్లల బాత్రూంలు. జూలో అన్ని చోట్లా ఉంటాయి, ఇక్కడ యాభై మంది ఒక్కసారే దిగితే ఇబ్బందే. అందుకని నాయుడుపేటలో ఒక ప్రభుత్వ హైస్కూల్ హెడ్‌మాస్టర్‌తో ముందే మాట్లాడి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు అక్కడ పావుగంట ఆపండి, తోటి టీచర్ అడిగితే కాదనేవాళ్లు ఉండరు. ఇద్దరు మేడమ్‌లు తప్పనిసరిగా రావాలి. ఎంఈఓ, డీఈఓల (మండల, జిల్లా విద్యాధికారుల) పర్మిషన్ కాగితాలు, తల్లిదండ్రుల సంతకాలు పదిహేను రోజుల ముందే చూసుకోండి, అటవీ శాఖ వాళ్లకి కూడా బడి లెటర్‌హెడ్ మీద పిల్లల సంఖ్యా తేదీ రాసి పంపితే పక్షుల గురించి చెప్పడానికి సిబ్బందిలో ఒకరిని తోడిమ్మని అడగొచ్చు. సంక్రాంతి సెలవులకి ముందు వారం ఖాళీ ఉందేమో ముందుగా అడగండి.