జెరాన్ పాక్స్‌టన్ ‘థింగ్స్ డన్ చేంజ్డ్’: తాతగారి గ్రామఫోన్ గుర్తొచ్చింది

గుంటూరు బ్రాడీపేటలో మా తాతగారి గ్రామఫోన్ మీద నాటక పద్యాలు వింటూ పెరిగాను. ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాలే. 2024లో వచ్చిన జెరాన్ పాక్స్‌టన్ ఆల్బమ్ ‘థింగ్స్ డన్ చేంజ్డ్’ మొదలవగానే ఆ పాత ప్లేట్లే గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. 1989లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన మనిషి 1920ల నాటి బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల దిగులు పాటల సంగీతం) బాణీలో పాడుతున్నాడు. పాటలు మాత్రం సొంతవే. గిటార్ వాయించేటప్పుడు బొటనవేలు మంద్రం తీగల మీద లయ తప్పకుండా నడుస్తుంది, మిగతా వేళ్లు దాని మీద పాట పలికిస్తాయి. ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది! బాంజో, హార్మోనికా కూడా తనే. ఆ యాస నాకు సగమే అర్థమైంది, అయినా దిగులు తెలిసింది. ఫోన్ స్పీకర్‌లో మంద్రం పోతుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. నిన్న రాత్రి అమ్మ కూడా పక్కన కూర్చుని రెండు పాటలు విన్నది.