చీమకుర్తి రాయి, భైరవకోన దారి, అయిదు టైర్లు

చీమకుర్తిలో రాళ్లు కోసే యూనిట్ల మధ్య సందులో పోతుంటే బండి ఎడమ పక్కకి ఒరిగినట్టనిపించింది. దిగి చూస్తే వెనక టైరు నేలకి అతుక్కుని ఉంది. మేకు గుచ్చుకుందేమో అనుకున్నాను. బావ వంగి చూసి, "మేకు కాదబ్బాయ్, కోసేసింది" అన్నాడు.

సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద, కంపెనీ పేరు అచ్చుపోసిన చోటుకి కాస్త కింద, నా బొటనవేలంత గాటు. అందులో ఇరుక్కున్న పలుకుని తాళంచెవితో పెకిలించి తీశాను. కత్తి మొనలాంటి నల్లరాయి. ఎండకి తిప్పితే లోపల బంగారు రంగు చుక్కలు మెరుస్తున్నాయి. బ్లాక్ గెలాక్సీ అని దేశదేశాలకి ఓడలెక్కి పోయే రాయి ఇదే. బావ కావలిలో ఇల్లు కట్టుకుంటున్నాడు. వంటగట్టుకి ఆ పలకలే కావాలని పట్టుబడితే, నా పికప్ ఉంది కదా అని బయల్దేరాం. వెనక సీట్లో మా అమ్మ. పలకలు చూసేశాక అటునుంచి అటే పొదిలి, కనిగిరి మీదుగా భైరవకోన తీసుకెళ్తానని అమ్మకి మాటిచ్చాను. కార్తీకమాసం.

రోడ్డు పక్క పంక్చర్ షాపు కుర్రాడికి చూపిస్తే తలూపాడు. "నేల తాకే గుండు మీద అయితే ఎన్ని అతుకులైనా వేస్తానన్నా. సైడు మీద వేస్తే ఒంగోలు చేరేలోపు పేల్తుంది, నీ డబ్బులు నాకొద్దు" అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. బండి కదిలినంతసేపూ సైడ్‌వాల్ వంగుతూ సాగుతూ ఉంటుంది, అక్కడ ఏ అతుకూ నిలవదు. స్టెప్నీ బిగించి, గాలి చూసి, యాభై రూపాయలు తీసుకున్నాడు. ఈ రెండు ప్రయాణాల్లో నేను చూసిన సర్వీసులన్నిటిలో మొదటి మార్కు అతనికే.

స్టెప్నీ లేకుండా అమ్మని కొండల్లోకి తీసుకెళ్లడం ఇష్టంలేక ఒంగోలు వెనక్కొచ్చాం. ఇరవై కిలోమీటర్ల చిల్లర. నా బండి ఇసుజు వీ-క్రాస్, పాత మోడల్. టైరు సైజు 255/65 ఆర్17. ఈ అంకెల గురించి ఆ రోజు దాకా నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒంగోల్లో మొదటి షాపులో ఆ సైజు లేదు. లేదని చెప్పకుండా, ఇంచుమించు అదేనంటూ ఇంకో సైజు తెచ్చి దొర్లించాడు. టైరు మీద ఓ పక్క నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. దాని మీద 3822 అని ఉంది. అంటే 2022లో 38వ వారం. మూడేళ్లుగా గోడౌన్లో ఎండుతున్న టైరు. అడిగితే "వాడలేదు కదండీ, కొత్తదే" అన్నాడు. రెండో షాపాయన కంప్యూటర్ చూసి, "ఈ సైజు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రావాలి, రెండ్రోజులు" అని ఉన్నమాట చెప్పాడు. కూర్చోబెట్టి టీ కూడా తెప్పించాడు.

ఆ రాత్రి బస్టాండ్ దగ్గర్లో లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ పికప్ పట్టేంత చోటు సెల్లార్లో లేదు, రోడ్డు మీదే పెట్టమన్నారు. పికప్‌తో తిరిగేవాళ్లు గది అద్దె అడిగేముందు పార్కింగ్ అడగాలి. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే పెద్ద టెన్షన్. పొద్దున్నే భైరవకోన ప్రయాణం మొత్తం మానుకుని, స్పీడు డెబ్బై దాటకుండా నెల్లూరు చేరాం.

ఇక టైర్ల వేట. మిగతా మూడు కూడా అరిగే ఉన్నాయి. టైరు మీది గాళ్ల (గాడుల) అడుగున చిన్న గట్టులాంటి గుర్తు ఉంటుంది, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. టైరు ఆ గుర్తుతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. నావి ఇంకో వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అన్నీ మార్చేద్దామని తేల్చుకున్నాను.

కుర్రాళ్లు బటన్ టైర్లు, అంటే పెద్ద దిమ్మెలుండే బురద టైర్లు వేయమన్నారు. చూడ్డానికి బావుంటాయి, బండి పులిలా ఉంటుంది. కానీ నా తిరుగుడేంది? మైపాడు వైపు రొయ్యల గుంటలకి రోజూ పోయిరావాలి, మేత బస్తాలు ఏడెనిమిది, ఒక్కోటి పాతిక కిలోలు. అందులో ముప్పాతిక వంతు తారురోడ్డు. చివర్లో ఇసుక బాట, ఆ తర్వాత గుంట గట్టు. గట్టు మీద వాన పడితే సబ్బు మీద నడిచినట్టు ఉంటుంది. దారి పొడుగునా కంప నరికి పడేసి ఉంటుంది, సర్కారు తుమ్మ ముల్లు చెప్పులోంచి కాల్లో దిగే రకం. దీనికి పూర్తి బురద టైరు అక్కర్లేదు, కార్లకేసే నున్నటి హైవే టైరు చాలదు. మధ్యలోది, ఏటీ (ఆల్ టెర్రైన్) అంటారే, అదే సరి.

ఏటీల్లో మళ్లీ ఎన్ని! బీఎఫ్ గుడ్రిచ్ కేఓ2 అందరి నోటా వింటాం. సైడ్‌వాల్లో మూడు పొరలుంటాయి, రాళ్ల మీద దాని పేరు ఊరికే రాలేదు. యోకోహామా జియోలాండర్ జీ015 తారు మీద మెత్తగా పోతుందని వీ-క్రాస్ ఉన్నవాళ్లు చెప్తారు. దాని పక్కన మూడు శిఖరాల కొండ, కొండలో మంచు పువ్వు బొమ్మ ఉంటుంది. మంచు రోడ్లకి పరీక్ష పాసైందని గుర్తు. నెల్లూరు ఎండల్లో ఆ బొమ్మ చూసి బావ చాలాసేపు నవ్వాడు. మన కంపెనీల్లో అపోలో ఆప్టెరా ఏటీ2, ఎంఆర్ఎఫ్ వాండరర్, సియెట్ క్రాస్‌డ్రైవ్ ఉన్నాయి. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అప్పట్నించీ విదేశీ టైరు ఇవాళ షాపులో ఉంటే రేపు ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఒంగోల్లో ఒక రాత్రి గడిపినవాడికి ఈ మాట బాగా తలకెక్కుతుంది. ఇంకో ముచ్చట. ఇసుజు ఫ్యాక్టరీ శ్రీసిటీలో, అపోలో ఫ్యాక్టరీ దాని దగ్గరే చినపాండూరులో. బండీ టైరూ రెండూ మన పక్కనే పుడుతున్నాయి, మనం మాత్రం చెన్నై వైపు చూస్తూ కూర్చుంటాం.

సైజు విషయంలో కొంచెం లెక్కలేశాను. 255 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు, 17 అంటే రిమ్ము అంగుళాల్లో. నా సైజు దొరకడం కష్టం, 265/65 ఆర్17 మాత్రం చాలా షాపుల్లో ఉంటుంది. దానికి మారితే టైరు వ్యాసం 763 నుంచి 776 మిల్లీమీటర్లకి పోతుంది. అంటే మీటరు 100 చూపిస్తుంటే నిజంగా 102కి దగ్గర. ఈ తేడా ఫర్వాలేదు. 265/70 వేయించుకోమని ఒకరిద్దరు రెచ్చగొట్టారు. అది 803 దాకా పోతుంది, అయిదు శాతం పైనే. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకునే భయం, బండి లాగుడు తగ్గడం, అన్నీ వస్తాయి. వద్దనుకున్నాను.

అసలు తలనొప్పి ఇంకోచోట. అదే 265/65లో రెండు రకాలొస్తాయి. మామూలుది, బరువు అంకె 112 ఉంటుంది. ఒక్కో టైరు 1120 కిలోలు మోస్తుందని. రెండోది సైజు ముందు ఎల్‌టీ (లైట్ ట్రక్) అని ఉంటుంది, బరువు అంకె 120, అంటే 1400 కిలోలు. లారీ టైరుకి తమ్ముడు. సైడు గట్టిది, నాకు జరిగిన కోతని అదే కాస్తయినా ఆపేది. కానీ ఖాళీ పికప్‌లో దాని మీద పోతే వెనకున్న ముసలమ్మ నడుం ఏమవుతుందో ఆలోచించాను. బరువు కూడా ఎక్కువ, ధరా ఎక్కువ. నేను క్వారీకి పోయేది ఏడాదికి ఒకటో రెండో సార్లు, గుంటలకి పోయేది రోజూ. మామూలుదే తీసుకున్నాను. రోజూ చీమకుర్తి, బల్లికురవ క్వారీల్లో తిరిగేవాళ్లు మాత్రం నా మాట వినకండి, ఎల్‌టీనే వేయించుకోండి. ఏది తీసుకున్నా బరువు అంకె కంపెనీ ఇచ్చినదానికన్నా తగ్గకూడదు.

కొనేముందు ఒక పని చేశాను. కావలి, ఒంగోలు, కనిగిరిలో నాలుగైదు షాపులకి ఫోన్ చేసి, ఫలానా టైరు ఒక్కటి ఇవాళే కావాలి, ఉందా అని అడిగాను. ఏది మూడు ఊళ్లలో కనీసం రెండు చోట్ల ఉందో అదే తీసుకున్నాను. దేశీ కంపెనీదే. పేరు చెప్పి మీ చేత కొనిపించను, మీ బండి సైజుకి మీ ఊళ్లో వేరేది దొరకొచ్చు. అయిదూ కొన్నాను, స్టెప్నీతో సహా. నాది ఫోర్ వీల్ డ్రైవ్. ఒక టైరు పోయినప్పుడు వేరే సైజు స్టెప్నీ బిగించి ఫోర్ వీల్ వేస్తే గేర్ల మీద భారం పడుతుంది. మొత్తం డెబ్బై వేలకి కొంచెం అటూ ఇటూ. ఇంట్లో ఆ అంకె చెప్పినప్పుడు జరిగిన చర్చ ఇక్కడ రాయను.

నెల్లూరు ఆటోనగర్‌లో బిగించిన షాపులో బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చక్కగా చేశారు. గాలి మాత్రం డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నదానికన్నా ఎనిమిది పాయింట్లు (పీఎస్‌ఐ, గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ కొట్టి పంపారు. ఇంటికొచ్చేదాకా బండి బంతిలా ఎగిరింది. ఏ షాపుకి పోయినా సొంత గేజితో ఒకసారి చూసుకోవాల్సిందే.

డిసెంబర్ వానల్లో గట్టు మీద పరీక్షయింది. ఇసుక బాటలో గాలి 20 పీఎస్‌ఐకి దించితే పాత టైర్లు కూరుకుపోయేచోట ఇవి పడవలా పోయాయి. తారెక్కేముందు చిన్న కంప్రెసర్‌తో మళ్లీ నింపుకోవాలి, మర్చిపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. జిగట బురదలో మాత్రం గొప్పలు చెప్పను. పది గజాలు పోయేసరికి గాళ్లన్నీ పూర్ణం కూరినట్టు నిండిపోయి, టైరు మళ్లీ నున్నగా అయింది. ఫోర్ వీల్ వేసి, నిదానంగా బయటపడ్డాను.

ధనుర్మాసంలో అమ్మని మళ్లీ ఎక్కించాను. కావలి దాటాక అమ్మ అంది, "ఏందిరా, రైలెక్కినట్టుంది?" నిజమే, ఎనభై దాటితే కింద నుంచి ఒక హోరు. పాటల సౌండు రెండు గీతలు పెంచాలి. మైలేజీ కూడా లీటరుకి పదకొండున్నర వచ్చేది ఇప్పుడు పదిన్నరకి అటూ ఇటూ. ఇవి ఎవరూ ముందు చెప్పరు.

చీమకుర్తిలో ఈసారి పెద్ద రోడ్డు మీదే బండి ఆపి, సందులోకి నడిచి పోయాం. పలకలు నలభై చదరపు అడుగులు. చదరపు అడుగు అయిదున్నర కిలోల దాకా తూగుతుంది, అంటే 220 కిలోలు. యూనిట్ వాళ్లే కింద గోనె, చెక్క పరిచి నిలువుగా పేర్చి కట్టారు. బావ వాటి పక్కన కూర్చునే వస్తానన్నాడు, అమ్మ కసిరితే లోపలికొచ్చాడు. పొదిలి దాటాక వాన తుంపర్లలో ఒక గేదె అడ్డొచ్చింది. బ్రేక్ గట్టిగా తొక్కాను. ఆగింది కానీ, పాత హైవే టైరు కొత్తలో ఉన్నప్పుడు ఇంకో రెండడుగులు ముందే ఆగేదేమోనని నా అనుమానం. తడి తారు మీద ఏటీతో ముందు బండికి దూరం పెంచుకోవాలి.

కనిగిరిలో బస. లాడ్జి పాతది, వేడినీళ్లు బకెట్ లెక్కన. కానీ గేటు లోపల లారీ పట్టేంత ఆవరణ, రాత్రంతా వాచ్‌మన్. పలకలతో ఉన్న బండికి ఒంగోలు గది కన్నా ఇదే మేలు.

సీఎస్ పురం దాటి భైరవకోన చేరేసరికి ఎనిమిదైంది. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం. నీళ్లు సన్నగా ఉన్నాయి, కార్తీకంలో వచ్చుంటే నిండుగా ఉండేవి. కార్తీక పౌర్ణమి నాడు చంద్రుడి వెలుగు అమ్మవారి మీద పడుతుందంటారు. అమ్మ ఆ మాట నాకు రెండుసార్లు గుర్తుచేసింది. మామూలు రోజుల్లో జనం లేక ప్రశాంతం, తిండి మాత్రం వెంట తెచ్చుకోండి. మేం కనిగిరిలో కట్టించుకున్న ఇడ్లీలు అక్కడే తిన్నాం.

సీతారామపురం మీదుగా ఉదయగిరి దిగాం. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట పైనుంచి చూస్తూ ఉంది. ఎక్కే ఓపిక ఎవరికీ లేదు. చెక్క గరిటెలు అరడజను కొని ఆత్మకూరు వైపు తిప్పాం. అక్కడక్కడా రోడ్డు పనులు, కంకర పరిచి ఉంది. గాళ్లలో ఇరుక్కున్న రాళ్లు టకటకలాడుతూ కొంతదూరం వచ్చి, వాటంతటవే ఎగిరి పడ్డాయి. గాళ్ల అడుగున చిన్న దిమ్మెలు పెట్టింది అందుకే.

పలకలు దించడానికి కావలి పోయినప్పుడు బావ టైర్ల చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, నాలుగింటి మీదా చెయ్యి పెట్టి తడిమాడు. ఎడమ వెనక టైరు సైడ్ మీద ఒక గీత ఉంది, గోరుతో గీసినంత. లోపలికి దిగలేదు. స్టెప్నీ ఇంకా బండి కిందే ఉంది, నేల తాకలేదు. పదివేల కిలోమీటర్లకి దాన్ని కూడా కలిపి అయిదూ చోట్లు మార్చాలి.