కమిషనర్‌కు ఫిర్యాదా, కోర్టులో వ్యాజ్యమా: వికలాంగుల హక్కుల సంఘానికి ఏది మేలు?

జిల్లా స్థాయిలో వికలాంగుల హక్కుల సంఘాన్ని నడిపేవారికి డబ్బూ మనుషులూ ఎప్పుడూ తక్కువే కాబట్టి, అన్యాయం ఎదురైనప్పుడు ముందుగా ఎవరి దగ్గరికి వెళ్లాలన్న నిర్ణయమే నాయకత్వానికి అసలు పరీక్ష అని నేను నమ్ముతాను.

న్యాయస్థానం చేయగలిగిన పని మరెవరూ చేయలేరు. చూపులేని రాజీవ్ రతూరి బహిరంగ స్థలాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2005లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2017లో ఆదేశాలిచ్చింది. వాటి అమలు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం చేత నివేదిక తెప్పించుకుని, 2024 నవంబరు 8న, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద కేంద్రం రూపొందించిన నిబంధన 15(1) ఆ చట్టానికే విరుద్ధమని తేల్చింది. అందుబాటు విషయంలో చట్టం తప్పనిసరి చేసిన ప్రమాణాలను ఆ నిబంధన పాటిస్తే పాటించవచ్చునన్న సలహాల స్థాయికి దించింది. ఇంతటి లోపాన్ని, వికలాంగుల ఫిర్యాదులు విచారించే ఏ కమిషనరూ సరిదిద్దలేరు. కానీ ఆ తీర్పుకు 19 ఏళ్లు పట్టింది; ఒక చిన్న సంఘం అన్నేళ్లు వాయిదాలకు తిరగగలదా?

రాష్ట్ర కమిషనర్‌కు సాక్షులను పిలిపించేందుకు, పత్రాలు తెప్పించేందుకు సివిల్ కోర్టుకున్న అధికారాలను 2016 చట్టమే ఇచ్చింది. ఫిర్యాదు చేయడానికి న్యాయవాదిని పెట్టుకోనక్కరలేదు. కమిషనర్ సిఫారసు అందుకున్న అధికారి తగిన చర్య తీసుకోవాలి, అంగీకరించకపోతే మూడు నెలల్లో కారణం తెలపాలి. అయితే అది సిఫారసే తప్ప తీర్పు కాదు. 1995 నాటి పాత చట్టం కింద కమిషనర్‌కు స్టే ఇచ్చే అధికారం లేదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది కనుక, ఉద్యోగం నుంచి తొలగించబోతున్న మనిషి విషయంలో నేరుగా హైకోర్టుకే వెళ్లాలి.

ధర్నా విలువ వేరు. వికలాంగుల హక్కుల ఉద్యమ నేత జావేద్ అబిదీ, ఆయన సహచరులు 1995 డిసెంబరులో ఢిల్లీలో ధర్నాకు దిగగా, అదే నెలలో పార్లమెంటు తొలి వికలాంగుల చట్టాన్ని ఆమోదించింది. విమాన ప్రయాణ సదుపాయాల కోసం సుప్రీంకోర్టుకు వెళ్లినవారూ ఆయనే.

నిబంధనలోనే తప్పున్నప్పుడు, ఉద్యోగం పోయే ప్రమాదం ఉన్నప్పుడు తప్ప, జిల్లా సంఘానికి ఫిర్యాదే మేలని నా అభిప్రాయం. తహశీల్దారు కార్యాలయం ముందు ర్యాంపు ఉందని రికార్డులో రాసి ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే రెండడుగుల గడపకు ఆరడుగుల ర్యాంపు కట్టి ఉంటుంది, మూడు చక్రాల బండి సగం ఎక్కి వెనక్కి జారుతుంది. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. టేపుతో కొలిచిన లెక్క, తేదీ వేసిన ఫొటో, కార్యాలయానికి ముందే ఇచ్చిన అర్జీ రసీదు జతచేస్తే ఆ ఫిర్యాదును తేలిగ్గా తోసిపుచ్చలేరు. సిఫారసును శాఖ పట్టించుకోకపోతే అవే కాగితాలు రేపు రిట్ పిటిషన్‌కు ఆధారమవుతాయి. ఫిర్యాదుపై మొదటి సంతకం మాత్రం సంఘం అధ్యక్షుడిది కాక, ఆ ర్యాంపు ఎక్కలేక వెనుదిరిగిన మనిషిదే కావాలి.