పాత స్టెర్న్‌డ్రైవ్ బోటుకి ఎలైన్‌మెంట్ బార్: కొన్ని సీజన్లు వాడాక

మెర్‌క్రూజర్ స్టెర్న్‌డ్రైవ్ ఉన్న పాత బోటు మీ దగ్గరుండి, పనంతా మీరే చేసుకునే రకమైతే ఎలైన్‌మెంట్ బార్ కొనేసుకోండి, అరువు కోసం తిరక్కండి. ఇంజనూ డ్రైవూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూసే పనిముట్టు అది. చూడ్డానికి అదో బరువైన ఇనప కడ్డీ, ఒక కొసన స్ప్లైన్లు (పొడుగునా చెక్కిన పళ్ళు) ఉంటాయి, అంతే. దీనికి ఇంత ధరా అని మొదట నాకూ అనిపించింది. ఇప్పుడు అనిపించదు.

మేముండేది టెక్సస్‌లో, డల్లాస్ పక్కన. బోటు ఎక్కువగా లేక్ లూయిస్‌విల్‌లోనే తిరుగుతుంది. 1989 మోడల్, 4.3 లీటర్ల వి6 ఇంజన్, ఆల్ఫా వన్ డ్రైవ్. ఆ కాలం బోట్లలో చాలావాటికి ఫైబర్‌గ్లాస్ కింద ఉండేది చెక్కే, నీళ్ళు దిగాయంటే కుళ్ళడమే. నాదీ అంతే, స్ట్రింజర్లు (అడుగున పొడుగునా ఉండి ఇంజన్‌ని మోసే దూలాలు), ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) రెండూ పోయాయి. ఇంజన్ పైకి లేపి అన్నీ కొత్తగా కట్టాల్సి వచ్చింది. కొత్త స్ట్రింజర్ అన్నాక ఎత్తు పాతదానిలాగే రాదు, అక్కడే ఈ బార్‌తో పని పడుతుంది.

ఈ రకం బోట్లలో ఇంజన్ లోపల, డ్రైవ్ (ప్రొపెల్లర్ ఉండే భాగం) బయట. డ్రైవ్ షాఫ్ట్ ట్రాన్సమ్ దగ్గరున్న గింబల్ బేరింగ్‌లోంచి దూరి ఇంజన్ వెనకాల కప్లర్‌లోకి, అంటే ఇంజన్‌ని షాఫ్ట్‌తో కలిపే పళ్ళ భాగంలోకి, వెళుతుంది. బేరింగూ కప్లరూ ఒకే గీత మీద లేకపోతే బోటు వెంటనే ఏమీ ఆగిపోదు, కొన్నాళ్ళు బాగానే తిరుగుతుంది, ఈలోగా కప్లర్ పళ్ళు అరుగుతూ ఉంటాయి, బేరింగ్ మూలగడం మొదలెడుతుంది. కప్లర్ మార్చాలంటే ఇంజన్ మళ్ళీ కదపాల్సిందే. ఆ టెన్షన్ ముందు బార్ ఖరీదు ఒక లెక్క కాదు.

బార్ మీద నాకున్న అసలు అభిప్రాయం ఏంటంటే, అది మంచిదే గానీ మీరు సరిగ్గా అడిగితేనే నిజం చెబుతుంది. గింబల్ బేరింగ్ తన గూట్లో అటూ ఇటూ ఒరుగుతుంది, దాన్ని తయారు చేసిందే అలా. అది ఒక పక్కకి ఒరిగి ఉండగా బార్ దూర్చి, వెళ్ళట్లేదని ఇంజన్ ఎత్తు మార్చడం మొదలెడితే ఆ పని ఎప్పటికీ తేలదు. ముందు బార్‌ని బేరింగ్ దాకా పెట్టి, బయట కొసన అన్ని వైపుల నుంచీ మెల్లగా తట్టాలి, బేరింగ్ దానంతటదే కుదురుకుంటుంది. ఆ తర్వాతే కప్లర్ సంగతి.

స్ప్లైన్లకి పలచగా గ్రీజు రాసి లోపలికి తోయండి. సరిగ్గా ఉంటే రెండు వేళ్ళతోనే బార్ లోపలికీ బయటికీ జారుతుంది, ఎక్కడా పట్టేయదు. అయినా అక్కడితో నమ్మకండి, బయటికి లాగి గ్రీజు చూడండి. పళ్ళ చుట్టూ ముద్ర ఒకేలా పడితే ఎలైన్‌మెంట్ కుదిరినట్టే. పైన మాత్రమే చెరిగిపోయి కింద గ్రీజు అలాగే మెరుస్తుంటే ఇంకా పని ఉందని అర్థం. ఇంజన్‌ని ఒక పావు చుట్టు తిప్పి మళ్ళీ చూడటం నాకు అలవాటు.

సర్దేది ముందు మౌంట్లనే (మౌంట్లంటే ఇంజన్‌ని పట్టి ఉంచే ఆధారాలు). వెనక మౌంట్లు ట్రాన్సమ్ ప్లేటుకి బిగుస్తాయి, వాటికి సర్దుబాటు లేదు, అక్కడి ఫైబర్ వాషర్లూ స్ప్రింగ్ వాషర్లూ పాతవి పెట్టకుండా కొత్తవి వేయండి. ముందు రెండు నట్లూ ఒకేలా తిప్పాలి, ఒక పక్కే తిప్పితే ఇంజన్ వాలిపోతుంది. కొత్త స్ట్రింజర్లు వేసేవాళ్ళకి ఒక మాట: చిల్లులు ముందే వేయకండి. వెనక మౌంట్లు బిగించి, ముందు భాగాన్ని హాయిస్ట్ (ఇంజన్ లేపే యంత్రం) మీదే ఉంచి, బార్ హాయిగా జారే ఎత్తు పట్టుకుని, మౌంట్ల నట్లు సర్దుబాటు మధ్యలో ఉండేలా చూసుకుని, అప్పుడు స్ట్రింజర్‌లో చిల్లు వేయండి. నేను ఇలాగే చేశాను, తర్వాత కూడా పైకీ కిందకీ సర్దుకోడానికి చోటు మిగిలింది.

లోపాలా? బరువెక్కువ. డ్రైవ్ ఊడదీసి ట్రాన్సమ్ దగ్గర వంగి ఒంటి చేత్తో పట్టుకుని నెట్టాలంటే నడుం పట్టేస్తుంది. వాడాక నూనె రాసి గుడ్డ చుట్టకపోతే తుప్పు పడుతుంది. చవక బార్లలో ఒకటి మిత్రుడి దగ్గర చూశాను, అద్దం మీద దొర్లిస్తే కొస ఎగిరెగిరి పడింది. వంకర కడ్డీతో తిన్నదనం కొలవడం ఏంటో! చవకదైనా తిన్నగా ఉంటే పనికొస్తుంది, కొన్నాక ఆ దొర్లించే పరీక్ష మాత్రం మానకండి.

ప్రతి సీజన్‌కీ డ్రైవ్ ఎలాగూ ఊడదీస్తాను, బెల్లోస్ (నీళ్ళు లోపలికి రాకుండా ఆపే రబ్బరు గొట్టాలు) పగిలాయేమో చూసి బేరింగ్‌కి గ్రీజు పెట్టడానికి. అప్పుడే బార్ కూడా దూర్చి చూస్తాను. రీబిల్డ్ తర్వాత మొదటి సీజన్ చివర కాస్త బిగుతుగా దూరింది, కొత్త మౌంట్లు కూర్చోవడం వల్లేనని నా అనుమానం, ముందు నట్లు కొద్దిగా తిప్పితే సరిపోయింది. అప్పటి నుంచీ కదల్లేదు, కప్లర్ పళ్ళు ఇప్పటికీ పదునుగానే ఉన్నాయి.

ఇదే బార్ ఆల్ఫా వన్‌కీ, జెన్ టూకీ, బ్రావోకీ సరిపోతుంది, అన్నీ మెర్‌క్రూజర్ డ్రైవ్‌లే. వేరే కంపెనీ డ్రైవ్ అయిన ఓఎంసీ కోబ్రా ఉన్నవాళ్ళు మాత్రం దీన్ని కొనకండి, దానికి వేరే బార్ ఉంది.