తాతగారి గడ్డం కత్తులు అమ్మాలంటే: రుద్ది మెరిపించాలా, ఉన్నవి ఉన్నట్టే ఇవ్వాలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాత ఇళ్ళలో ట్రంకుపెట్టె అడుగున ఒక్కోసారి మడత కత్తులు బయటపడుతుంటాయి. క్షురక వృత్తిలో ఉన్న కుటుంబాలకైతే అవి తాత పొదిలోవి. మిగతావాళ్ళకు ఎవరో పెద్దాయన మద్రాసు వెళ్ళినప్పుడు మూర్‌మార్కెట్లోనో మరోచోటో కొనుక్కొచ్చినవి. ఇప్పుడు సెలూన్లలో కూడా బ్లేడు మార్చుకునే రకమే వాడుతున్నారు కాబట్టి వీటిని ముట్టుకునేవాళ్ళు లేరు. అమ్ముదామనుకోగానే పాత సామాన్ల వ్యాపారి, ఊళ్ళో సెలూన్ అతను, ఆన్‌లైన్ గుర్తొస్తారు. ఆ వెంటనే, శుభ్రంగా రుద్ది అమ్మితే ఇంకో నాలుగు రూపాయలు రావా అనిపిస్తుంది.

నా మాట ముందే చెబుతాను. రుద్దకండి. కత్తి మంచిదైతే ఉన్నది ఉన్నట్టుగా, దాని విలువ తెలిసినవాళ్ళకే నేరుగా అమ్మండి. అది మంచిదో కాదో తెలియాలంటే ముందు కాసేపు దాన్ని పట్టుకుని చూడాలి.

కావలిలో మా బంధువులింట్లో ఇలాంటివి మూడు చూశాను. మొదటిది బరువుగా, వెన్ను మందంగా ఉంది. బ్లేడు పిడిలోకి వెళ్ళే తోక మీద షెఫీల్డ్ అని ముద్ర ఉంది. రెండోది పలచగా, రెండు వైపులా లోపలికి వంపుగా సానపట్టి ఉంది. దాని మీద సోలింగెన్ అని ఉంది. మూడోదాని మీద ఏ ముద్రా లేదు, బ్లేడు మాత్రం తళతళలాడుతోంది. ఇంట్లోవాళ్ళు మూడోదే ఖరీదైనదనుకున్నారు. నిజానికి మూడింటిలో తక్కువ ధర పలికేది అదే.

ముద్రే ముఖ్యం. ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని సోలింగెన్, ఫ్రాన్సులోని థియేర్, స్వీడన్‌లోని ఎస్కిల్‌స్టూనా ఈ కత్తులకు పేరుపడ్డ ఊళ్ళు. జోసెఫ్ రోడ్జర్స్, వేడ్ అండ్ బుచర్, జంట బొమ్మల గుర్తున్న హెంకెల్స్, చెట్టు గుర్తున్న బోకర్ లాంటి పేర్లు కనిపిస్తే తొందరపడి ఎవరి చేతిలోనూ పెట్టకండి. ఇంగ్లండ్, జర్మనీ అని దేశం పేరు కూడా ఉంటే ఆ కత్తి చాలావరకు 1891 తర్వాతది. 1890లో అమెరికా తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం వల్ల అక్కడికి వెళ్ళే సరుకు మీద దేశం పేరు వేయాల్సి వచ్చింది మరి. కొన్ని షెఫీల్డ్ కత్తుల మీద ‘సిల్వర్ స్టీల్’ అని ఉంటుంది. అది చూసి వెండి అనుకుని కంసాలి దగ్గరికి పరుగెత్తకండి. 1820ల ప్రాంతంలో మైకేల్ ఫారడే, జేమ్స్ స్టోడార్ట్ ఉక్కులో పిసరంత వెండి కలిపి ప్రయోగాలు చేశారు. ఆ తర్వాత ఆ మాట వ్యాపారులకు మంచి ప్రచారంగా పనికొచ్చింది.

ముద్ర తర్వాత అంచు. కత్తిని దీపం కింద పెట్టి, పదును వైపు పైకి తిప్పి చూడండి. బాగున్న అంచు మీద వెలుగు నిలవదు, సన్నటి నల్లగీతలా కనిపిస్తుంది. ఎక్కడైనా మెరిసే చుక్క ఉందంటే అక్కడ పెచ్చు ఊడింది. చిన్న పెచ్చయితే సానలో పోతుంది. వెంట్రుకంత బీట అంచు నుంచి వెన్ను వైపు పాకితే మాత్రం ఇక గడ్డానికి పనికిరాదు, ఎంత పెద్ద పేరున్నా షోకేసు వస్తువే. వెన్ను కూడా చూడండి. రాయి మీద నూరేటప్పుడు అంచుతో పాటు వెన్నూ అరుగుతుంది. ఆ అరిగిన చదును గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పున ఉంటే జాగ్రత్తగా వాడిన చేయి అన్నమాట. ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క సన్నగా ఉంటే ధర తగ్గుతుంది. పైపైన ఎర్రటి తుప్పుకు కంగారు పడక్కర్లేదు. నల్లగా గుంటలు పడి, ఆ గుంటలు అంచు దాకా వస్తేనే నష్టం. సముద్రం గాలి తగిలే మన కోస్తా ఊళ్ళలో ఇది ఎక్కువే.

పిడి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కొమ్ము, ఎముక, సెల్యులాయిడ్, ఏనుగు దంతం అన్నీ వాడారు. బొటనవేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. అది పాతబడి చిట్లుతుంటే దాని నుంచి వచ్చే ఆవిరి పక్క కత్తులను కూడా తుప్పు పట్టిస్తుంది. వెంటనే విడిగా పెట్టండి. ఎముక మీద సన్నటి నల్ల చుక్కలుంటాయి. దంతం అడ్డకోతలో గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వలలా కనిపిస్తాయి. అలా కనిపిస్తే అమ్మకం మాట పక్కన పెట్టండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి తర్వాత వచ్చిన సవరణల ప్రకారం మన దేశంలో ఏనుగు దంతం అమ్మడం నేరం. వారసత్వంగా వచ్చిందంటే కుదరదు. అటవీ శాఖ వాళ్ళనడిగి ఏం చేయాలో తెలుసుకోవడమే మంచిది.

ఇక ఎవరికి అమ్మాలి? పాత ఇనుము కొనేవాడికి కత్తి అంటే 60 గ్రాముల ఇనుము, అంతే. ‘పాత ఇనుమే గదన్నా’ అంటాడు. అతని లెక్కలో అది నిజమే కూడా. బీటలు పడ్డవి, సగం తుప్పు తిన్నవి అయితేనే ఆ దారి. సెలూన్ అతనికి ఇస్తే వాడుకోవడానికి తీసుకోడు. ఒకరికి వాడిన కత్తి ఇంకొకరికి వాడొద్దన్న జాగ్రత్త వచ్చాక అలాంటివి అతనికి పనికిరావు. కానీ వయసు మళ్ళిన క్షురకుడికి చూపించండి. అంచు మీద గోరు ఆనించి, ఉక్కు ఎలాంటిదో ఆయన చెప్పే నాలుగు మాటలు వెలకట్టలేనివి. కొనేవాడిగా కాదు, చూసిపెట్టేవాడిగా ఆయనే మేలు.

పాతవస్తువుల వ్యాపారికి ఇస్తే డబ్బు అప్పటికప్పుడు చేతికొస్తుంది, టెన్షన్ ఉండదు. కానీ ఆయన మళ్ళీ అమ్ముకోవాలి కదా, తన లాభం పోగా మీకిస్తాడు. ఆన్‌లైన్లో నేరుగా అమ్మితే ఆ తేడా మీకే మిగులుతుంది. దానికి ఓపిక కావాలి, ఫోటోలు కావాలి. రెండు వైపులా బ్లేడు, తోక మీద ముద్ర, వెన్ను, అంచు, పిడి కీలు, అన్నీ పగటి వెలుతురులో తీయండి. లోపం ఉన్న చోట ఇంకా దగ్గరగా తీయండి. దాచిన బీట కొన్నవాడి కంట పడితే డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది, మాట కూడా పోతుంది. ధర పెట్టేటప్పుడు ఎవరెంత అడుగుతున్నారో కాకుండా అలాంటి కత్తి ఎంతకు అమ్ముడుపోయిందో చూడండి. మంచి ముద్ర ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పెట్టండి. పేరులేనివి, అరిగినవి కలిపి ఒక కట్టగా ఇచ్చేస్తే పని తేలిక.

రుద్దడం ఎందుకు వద్దంటున్నానంటే, సేకరించేవాళ్ళు కొనేది ముద్రనూ, ఉక్కునూ, పాతదనాన్నీ. ఎమరీ పేపరు ఈ మూడింటినీ తినేస్తుంది. బ్లేడు మీద బంగారు రంగులో ఉండే పలచటి రాతలైతే గట్టిగా తుడిచినా పోతాయి. సైకిలు మీద సానచక్రం తెచ్చే అతనికి అసలు ఇవ్వొద్దు. అది కత్తిపీటకు బాగుంటుంది గానీ, ఇంత పలచటి అంచు ఆ వేడికి నీలం తిరిగి మెత్తబడిపోతుంది. నిజంగా నూరడం తెలిసినవాళ్ళు దొరికితే, షేవింగుకు సిద్ధంగా ఉన్న కత్తికి కాస్త ఎక్కువే వస్తుంది. కానీ కొనేవాళ్ళలో చాలామంది తామే నూరుకుంటారు, ఆ ఖర్చు మీకు తిరిగి రాకపోవచ్చు. మీరు చేయాల్సింది ఒక్కటే. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్ళకు చెడిపోతుంది.

ఉదయగిరి చెక్క గరిటెలు చేసేవాళ్ళతో కొత్త పిడి వేయించుకోవచ్చా అని ఒకరు అడిగారు. మీరే వాడుకుంటానంటే తప్పకుండా వేయించుకోండి, ఆ చేతిపనికి నేనూ అభిమానినే. అమ్మేదయితే మాత్రం పాత పిడి విరిగున్నా దాన్నే ఉంచండి.

విదేశాల్లో ఎక్కువ ధర వస్తుందన్నది చాలాసార్లు నిజమే. అయితే 100 ఏళ్ళు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. అలాంటివి ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. ఒక్క కత్తి కోసం ఇంత తిరగడం కంటే, కాస్త తక్కువకైనా చెన్నైలోనో హైదరాబాదులోనో ఉన్నవాళ్ళకు అమ్మడమే నాకు మేలనిపిస్తుంది. పంపేటప్పుడు కత్తి మూసి, తెరుచుకోకుండా దారంతో చుట్టి, గట్టి అట్టపెట్టెలో పెట్టండి. లోపల ఏముందో కొరియర్ వాళ్ళకు ముందే చెప్పండి.